చెట్లు మన ఊరి భూమిలో.. నోటీసు మనకు రాని భాషలో

చెట్టు నాటితే ఒక క్రెడిట్. 2024 ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ శాఖ పెట్టిన లెక్క ఇది. డబ్బు కట్టేది కంపెనీ, నాటేది అటవీ శాఖ, క్రెడిట్ పడేది కంపెనీ ఖాతాలో. ఏడాదిన్నర తిరిగేసరికి, 2025 ఆగస్టు చివర్లో, అదే శాఖ ఆ లెక్కను మార్చేసింది. నాటినందుకు కాదు, ఐదేళ్లు బతికించినందుకు క్రెడిట్ అంది. చెట్ల నీడ ఆ నేలలో కనీసం 40 శాతం పరుచుకోవాలని షరతు పెట్టింది. క్రెడిట్లను బయటి కంపెనీలకు అమ్ముకోవడానికి వీల్లేదని కూడా తేల్చింది.

మార్పు మంచిదే. కానీ ఇంత పెద్ద లోపం మొదటి లెక్కలో ఎట్లా దొర్లింది? 2023లో 60 రోజులు గడువిచ్చి ప్రజల అభ్యంతరాలు అడిగారు కదా? అడిగారు. అయితే అప్పుడు జనం ముందు పెట్టిన ముసాయిదాలో ఈ లెక్కే లేదు. ఎకరానికి ఎన్ని చెట్లు, ఎటువంటి భూమి, క్రెడిట్ ఎప్పుడు ఇస్తారు అనే సంగతులన్నీ తర్వాత వచ్చాయి. పైగా ఆ ముసాయిదా వచ్చింది గెజిట్‌లో, హిందీ, ఇంగ్లిష్ భాషల్లో. చెట్లు నాటబోయే నేల మీద బతికే వాళ్లలో ఎంతమంది దాన్ని చదివి ఉంటారు?

ఈ విషయం ఒక్క గ్రీన్ క్రెడిట్‌తో అయిపోయేది కాదు. అడవుల పెంపకం, కార్బన్ క్రెడిట్ల మీద ముందు ముందు ఇంకా చాలా నిబంధనలు వస్తాయి. ప్రతిసారీ 'అభ్యంతరాలుంటే చెప్పండి' అనే ఒక నోటీసు వస్తుంది. ఆ నోటీసు తెలుగు, ఉర్దూ చదివే వాళ్లకు పనికొచ్చేలా ఉంటుందా లేదా అన్నదే ఇక్కడ తేలాల్సింది.

అసలు ఈ పథకం ఏమిటి?

గ్రీన్ క్రెడిట్ గురించి మొదట 2023 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో చెప్పారు. అదే ఏడాది జూన్ 26న ముసాయిదా నిబంధనలు వచ్చాయి. అక్టోబర్‌లో తుది నిబంధనలు ప్రకటించారు. డిసెంబర్ 1న దుబాయ్‌లో జరిగిన కాప్28 వాతావరణ సదస్సులో ప్రధాని మోదీ ఈ పథకాన్ని ప్రపంచం ముందు పెట్టారు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ పరిశోధన, విద్యా మండలికి నిర్వహణ అప్పగించారు.

నిబంధనల్లో నీటి సంరక్షణ, వ్యర్థాల నిర్వహణ, మడ అడవులు లాంటి పనులు కూడా ఉన్నాయి. కానీ ముందుగా నడక మొదలైంది మాత్రం చెట్ల పెంపకంతోనే. 2024 ఫిబ్రవరి 22 నాటి పద్ధతి ప్రకారం అటవీ శాఖలు తమ అధీనంలో ఉన్న 'క్షీణించిన' భూములను గుర్తించాలి. పలుచని అడవి, పొదల నేల, బంజరు, వాగుల పరీవాహక ప్రాంతం, ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. ఒక్కో ముక్క కనీసం 5 హెక్టార్లు ఉండాలి. హెక్టారుకు కనీసం 1,100 చెట్లు. కంపెనీ డబ్బు కట్టిన రెండేళ్లలోపు నాటడం పూర్తి చేయాలి.

కంపెనీకి దీంతో ఏం లాభం? గనికో, రోడ్డుకో, ఫ్యాక్టరీకో అటవీ భూమి తీసుకున్న వాళ్లు వేరే చోట అడవి పెంచాలన్నది చట్టం. ఆ బాధ్యత తీర్చినట్టు చూపడానికి ఈ క్రెడిట్లను వాడుకోవచ్చు. అదే పనికి కార్బన్ క్రెడిట్ కూడా అడిగే దారి నిబంధనల్లోనే ఉంచారు. దేశంలో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం నోటిఫై అయింది కూడా ఆ రోజుల్లోనే, 2023 జూన్ 28న. అంటే గ్రీన్ క్రెడిట్ ముసాయిదా వచ్చిన రెండు రోజులకు.

ప్రభుత్వం చెప్పే మాటలో న్యాయం లేకపోలేదు. పాడైపోయిన అడవిని మళ్లీ నిలబెట్టడానికి చాలా డబ్బు కావాలి. అది మొత్తం ఖజానా నుంచే రావాలంటే కుదరదు. ప్రైవేటు డబ్బు వస్తే తప్పేంటి అని అధికారులు అడుగుతారు. తప్పేమీ లేదు. కానీ ఆ డబ్బుకు బదులుగా ఏం ఇస్తున్నారు, ఎప్పుడు ఇస్తున్నారు, ఎవరి నేల మీద ఇస్తున్నారు అని అడిగే హక్కు కూడా జనానికి ఉంటుంది.

సరుకు రాకముందే రసీదు

మొదటి పద్ధతిలోని లోపం అర్థం కావాలంటే ఒక చిన్న దుకాణం లెక్క చాలు. సరుకు చేతికి రాకముందే 'ముట్టింది' అని రసీదు రాసిచ్చే వ్యాపారి ఎవరూ ఉండరు. 2024 పద్ధతి చేసింది మాత్రం అదే.

ఉదాహరణకు 5 హెక్టార్ల ముక్క తీసుకుందాం. హెక్టారుకు 1,100 చొప్పున 5,500 మొక్కలు నాటారు. నాటినట్టు ధ్రువీకరణ రాగానే 5,500 క్రెడిట్లు కంపెనీ ఖాతాలో జమ. తర్వాత రెండు ఎండాకాలాలు గడిచి సగం మొక్కలు ఎండిపోయాయనుకుందాం. నేల మీద ఉన్నవి 2,750. ఖాతాలో ఉన్నవి ఇంకా 5,500. ఆ క్రెడిట్లు చూపించి ఇంకోచోట అడవి కొట్టడానికి అనుమతి తెచ్చుకుంటే, పోయింది నిజమైన అడవి, వచ్చింది కాగితం మీద అడవి.

హరితహారం కింద రోడ్ల పక్కన, చెరువు గట్ల మీద నాటిన మొక్కలను చూసిన వాళ్లకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. కొన్ని ఏపుగా పెరిగాయి, కొన్నిచోట్ల ట్రీగార్డు మాత్రమే మిగిలింది. నాటడం ఒక రోజు పని, బతికించడం ఏళ్ల పని అని ఉపాధి హామీలో నీళ్లు పోసిన కూలీలు ఎవరైనా చెబుతారు. ఆ మాట 2023లోనే వాళ్లను అడిగి ఉంటే, ఐదేళ్ల షరతు కోసం 2025 దాకా ఆగాల్సిన పని ఉండేది కాదు.

మార్పు ఎందుకొచ్చింది? పర్యావరణవేత్తలు, మాజీ అటవీ అధికారులు, పరిశోధకులు పద్ధతి బయటికి వచ్చినప్పటి నుంచీ గట్టిగా విమర్శిస్తూనే ఉన్నారు. 2024 ఏప్రిల్‌లోనే కేంద్రం కొంత దిగి వచ్చి, చెట్ల సంఖ్య కంటే మొత్తం జీవావరణాన్ని నిలబెట్టడం ముఖ్యమని, స్థానిక జాతులకు ప్రాధాన్యం ఇస్తామని వివరణ ఇచ్చింది. 2025లో లెక్కే మారింది. ఇప్పుడు క్రెడిట్‌ను ఒకే ఒక్కసారి వాడుకోవచ్చు. మాతృసంస్థ, దాని అనుబంధ సంస్థల మధ్య తప్ప బదిలీ కుదరదు. అంటే అభ్యంతరాలకు విలువ ఉంది. చెబితే నిబంధనలు మారుతున్నాయి. అందుకే ఆ చెప్పే అవకాశం ఎవరికి దక్కుతోంది అన్నది చిన్న విషయం కాదు.

'బంజరు' అన్నది ఎవరి మాట?

2025 మార్పులో కూడా ఒక చిక్కు అలాగే ఉండిపోయింది. నీడ 40 శాతం ఉండాలన్నది అడవికి సరిపోతుంది. మరి పుట్టుకతోనే గడ్డి నేలలైన చోట? నంద్యాల జిల్లా రోళ్లపాడునే చూడండి. 1988లో అక్కడ అభయారణ్యం ప్రకటించింది బట్టమేక పిట్ట కోసం. ఆ పిట్టకు కావాల్సింది కనుచూపు మేర గడ్డి, గుబురు చెట్లు కాదు. రాయలసీమలో, పాలమూరులో ఇలాంటి నేలలు కాగితం మీద బంజర్లే. గొర్రెలు, మేకలు తోలుకెళ్లే గొల్ల కురుమలకు మాత్రం అవి మేత బీళ్లు. బక్రీద్‌కు పట్నం మండీలకు వచ్చే జీవాల్లో చాలావరకు ఇలాంటి బీళ్ల మీద పెరిగినవే.

ఇంకో ఉదాహరణ మన ఇళ్లకు ఇంకా దగ్గరిది. నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి, నిర్మల్ జిల్లాల్లో బీడీలు చుట్టి సంసారం నెట్టుకొచ్చే ఆడవాళ్లలో ముస్లిం మహిళలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వాళ్ల చాటలోకి వచ్చే తునికాకు ఎక్కడిది? పలుచని అడవుల్లో, పొదల నేలల్లో పెరిగే తునికి మొక్కలది. ఎండాకాలం మొదట్లో కొమ్మ కొడతారు, లేత చిగురు వచ్చాక ఏప్రిల్, మే నెలల్లో ఆకు తెంపి 50 ఆకుల కట్టలు కట్టి కల్లానికి చేరుస్తారు. గిరిజన కుటుంబాలకు ఆ నెల రోజుల కూలీ వానాకాలం విత్తనాల ఖర్చు. ఉపగ్రహ చిత్రంలో ఆ నేల 'క్షీణించిన అడవి' అని కనబడొచ్చు. తెంపే చేతికి, చుట్టే చేతికి అది పని ఇచ్చే అడవి.

అలాంటి నేలలో హెక్టారుకు 1,100 చెట్లు దట్టంగా నాటితే తునికి పొద ఏమవుతుంది? మేత ఏమవుతుంది? ఐదేళ్లలో నీడ చూపించాలన్న తొందరలో త్వరగా పెరిగే జాతుల వైపు మొగ్గరన్న గ్యారంటీ ఉందా? జామాయిల్, సుబాబుల్ తోటలు ఎంత వేగంగా పెరుగుతాయో, వాటి కింద ఏం మొలుస్తుందో భద్రాచలం, ఖమ్మం రైతులకు బాగా తెలుసు. స్థానిక జాతులకు ప్రాధాన్యం అన్న మాట కాగితం మీద ఉంది. ప్రాధాన్యం వేరు, నిషేధం వేరు.

పోడు భూముల సంగతి మరీ సున్నితం. తెలంగాణలో 2023 జూన్ 30న పోడు పట్టాల పంపిణీ మొదలైంది. సుమారు 1.5 లక్షల మందికి 4 లక్షల ఎకరాలకు పైగా హక్కు ఇస్తున్నట్టు ప్రభుత్వం చెప్పింది. పట్టా రాని వాళ్లు, గిరిజనేతరులై మూడు తరాల నివాసం రుజువు చేసుకోలేక ఆగిపోయిన వాళ్లు ఇంకా ఉన్నారు. ప్లాంటేషన్ పేరుతో కందకాలు తవ్వడం, సాగుదార్లు అడ్డుపడటం, కేసులు కావడం ఈ జిల్లాల్లో కొత్త కాదు. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు అడవిని కాపాడే, నిర్వహించే అధికారం ఇచ్చింది. 2024 ఫిబ్రవరి పద్ధతిలో భూమిని గుర్తించేది అటవీ శాఖే తప్ప, గ్రామసభ ఒప్పుకోవాలన్న షరతు కనబడదు.

గడువు ఉంది, భాష లేదు

2020లో పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. లాక్‌డౌన్ రోజుల్లో అభ్యంతరాలు అడిగారు. ముసాయిదా ఉన్నది హిందీ, ఇంగ్లిష్‌లోనే. ఒక పర్యావరణ కార్యకర్త ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. జూన్ 30న కోర్టు గడువును ఆగస్టు 11 వరకు పొడిగించి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషలన్నిటిలోకి 10 రోజుల్లో అనువదించి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్ల వెబ్‌సైట్లలో కూడా పెట్టమంది. ఆ 22 భాషల్లో తెలుగు ఉంది, ఉర్దూ ఉంది. అధికార భాషల చట్టం ప్రకారం రెండు భాషలు చాలంటూ కేంద్రం సుప్రీంకోర్టు దాకా పోయింది. హైకోర్టులోనే రివ్యూ వేసుకోమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ముసాయిదా మీద 17 లక్షలకు పైగా స్పందనలు వచ్చాయి. అది తుది రూపం దాల్చనే లేదు.

2021లో ఇంకో ముచ్చట. అటవీ సంరక్షణ చట్టం మార్పుల మీద అక్టోబర్ 2న ఒక పత్రం విడుదల చేసి 15 రోజుల్లో చెప్పమన్నారు. దసరా పండుగ ఆ గడువులోనే వచ్చింది. విమర్శలొస్తే నవంబర్ 1 దాకా పొడిగించారు. 2023 మార్చిలో బిల్లు పార్లమెంటుకు వచ్చి సంయుక్త కమిటీకి వెళ్లింది. కమిటీకి 1,309 వినతులు అందాయి. కమిటీ ఒక్క మార్పు కూడా సూచించకుండా నివేదిక ఇచ్చింది. ఆగస్టు మొదటి వారానికి బిల్లు చట్టమైపోయింది. ఆ సవరణతో చట్టం పేరు కూడా ఇంగ్లిష్ నుంచి హిందీకి మారి 'వన్ సంరక్షణ్ ఏవం సంవర్ధన్ అధినియమ్' అయింది. ఉట్నూరు ఏజెన్సీలో గోండి మాట్లాడే మనిషికి పాత పేరూ పరాయిదే, కొత్త పేరూ పరాయిదే.

గ్రీన్ క్రెడిట్ ముసాయిదా గడువు 2023 జూన్ 26 నుంచి 60 రోజులు. ఊళ్లలో అది విత్తనాలు, నాట్లు, కలుపుల కాలం. కూలికి పోకుండా గెజిట్ చదివే తీరిక ఎవరికి ఉంటుంది?

కేంద్రమే 2014 ఫిబ్రవరిలో ఒక విధానం పెట్టుకుంది. ఏ చట్టం, నిబంధన ముసాయిదా అయినా కనీసం 30 రోజులు జనం ముందుంచాలి, సులభమైన భాషలో వివరణ ఇవ్వాలి, వచ్చిన అభిప్రాయాల సారాంశం వెబ్‌సైట్‌లో పెట్టాలి అని అందులో ఉంది. అయితే అది విధానమే, చట్టం కాదు. పాటించకపోతే అడిగే దారి అంతంత మాత్రం.

న్యూజిలాండ్‌లో ఏం జరిగింది?

చెట్ల పెంపకం మీద తొందరపడితే ఏమవుతుందో న్యూజిలాండ్ చూపించింది. 1988లో వచ్చిన బోలా తుఫాను తర్వాత గిస్‌బోర్న్ ప్రాంతంలో కొండల మట్టి జారిపోకుండా పైన్ చెట్లు విస్తారంగా నాటారు. అవి పెరిగాయి, నరికారు, కొమ్మలు, మొద్దులు కొండల మీదే వదిలేశారు. 2023 ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుఫాను వచ్చి ఆ చెత్తనంతా నదుల్లోకి, వంతెనల మీదకి, పొలాల్లోకి, బీచ్‌ల మీదకి తెచ్చి పోసింది. మట్టిని ఆపాల్సిన చెట్లే ఊళ్లకు ముప్పయ్యాయి.

అక్కడ కలప తోటలకు 2018 నుంచి జాతీయ పర్యావరణ ప్రమాణాలు ఉన్నాయి. కేవలం కార్బన్ కోసం పెంచి నరకకుండా వదిలేసే విదేశీ జాతి అడవులు మాత్రం వాటి కిందికి రాలేదు. వాటిని కూడా కలపాలా అని 2022 అక్టోబర్, నవంబర్ నెలల్లో ప్రజాభిప్రాయం అడిగారు. 2023 నవంబర్ నుంచి కొత్త ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. ఏ నేలలో అడవి పెంచొచ్చో చెప్పే అధికారం స్థానిక కౌన్సిళ్లకు పెరిగింది. 2025లో మళ్లీ ఆ అధికారాన్ని కొంత తగ్గించే ప్రతిపాదన పెట్టి మళ్లీ అభిప్రాయం అడిగారు. అంటే అక్కడ కూడా గొడవ తెగలేదు.

గమనించాల్సింది ఇంకొకటి ఉంది. శాశ్వత కార్బన్ అడవుల నుంచి విదేశీ జాతులను తప్పించాలని 2022లో ప్రభుత్వం అనుకున్నప్పుడు, మావోరీ భూయజమానులే వద్దన్నారు. తమ కొండ భూములకు మిగిలిన ఆదాయ మార్గం అదేనన్నారు. ప్రభుత్వం ఆ ఆలోచనను వాయిదా వేసింది. వాళ్ల వాదన పర్యావరణానికి మంచిదా కాదా అన్నది వేరే చర్చ. భూమి ఎవరిదో వాళ్ల మాట లెక్కలోకి వచ్చింది. మన దగ్గర 'క్షీణించిన' నేల మీద బతికే వాళ్లు కొన్నిచోట్ల చెట్లే కావాలనొచ్చు, కొన్నిచోట్ల గడ్డి చాలనొచ్చు. అడిగితేనే కదా తెలిసేది.

ఇప్పుడు అడగాల్సినవి

చెట్ల డబ్బు చిన్నదేం కాదు. అడవి పోయిన చోట ప్రత్యామ్నాయంగా పెంచడానికి పోగైన నిధి నుంచి 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు ఒకేసారి 47,436 కోట్లు బదిలీ చేసింది. తెలంగాణకు వచ్చిందే 3,100 కోట్లకు పైగా. గ్రీన్ క్రెడిట్, కార్బన్ క్రెడిట్ దీనికి తోడు. ఇంత డబ్బు నడిచే చోట నిబంధన రాసేటప్పుడు కంపెనీల తరఫున చదివే వాళ్లు, జవాబు రాసే వాళ్లు ఉంటారు. ఊరి తరఫున ఉండరు.

కాబట్టి మొదట అడగాల్సింది భాష. తెలంగాణలో 2017 నుంచి రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఆ హోదా వచ్చింది. ముసాయిదా గెజిట్‌లో రాగానే తెలుగు, ఉర్దూ అనువాదం కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో, గ్రామ పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టమని రాష్ట్ర ప్రభుత్వాలను అడగొచ్చు. దీనికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. గడువు అనువాదం వచ్చిన రోజు నుంచి మొదలు కావాలి.

రెండోది, ముసాయిదాలో అసలు లెక్క ఉండాలి. పై పై నిబంధనకు అభిప్రాయం అడిగి, చెట్ల సంఖ్య, భూమి రకం, క్రెడిట్ ఇచ్చే తేదీ తర్వాత ప్రకటిస్తామంటే అది ధర రాయని చెక్కు మీద సంతకం అడిగినట్టే. పద్ధతి మారిన ప్రతిసారీ మళ్లీ జనం ముందుకు రావాలి.

మూడోది గ్రామసభ. ఏ సర్వే నంబర్లో, ఏ కంపార్ట్‌మెంట్లో నాటబోతున్నారో ముందే ఊరికి చెప్పాలి. అక్కడ తునికాకు తెంపుతున్నారా, మేపుతున్నారా, పోడు దరఖాస్తు పెండింగ్‌లో ఉందా అన్నది గ్రామసభ తీర్మానంలో నమోదు కావాలి. ఉమ్మడి అటవీ వనరుల హక్కు కోసం ఇంకా దరఖాస్తు పెట్టని ఊళ్లు ఇప్పుడైనా పెట్టుకోవడం మంచిది. ఆ కాగితం చేతిలో ఉంటే అటవీ శాఖ అడగకుండా నాటడం కష్టమవుతుంది.

వీటితో పాటు మన సంఘాల పని కూడా కొంత ఉంది. వక్ఫ్ బిల్లు మీద అభిప్రాయాలు పంపమన్నప్పుడు మస్జిదుల దగ్గర క్యూఆర్ కోడ్లు పెట్టి, ఈమెయిల్ ఎట్లా పంపాలో నేర్పించారు. చదువుకున్న పిల్లలు ఫోన్లు పట్టుకుని పెద్దవాళ్ల తరఫున పంపారు. అదే కష్టం అడవి నిబంధనల మీద కూడా పెట్టొచ్చు. బీడీ కార్మిక సంఘాలు, గొర్రెల కాపరుల సొసైటీలు, గిరిజన సంఘాలు కలిసి ఒక పేజీ అభ్యంతరం తెలుగులో రాసి పంపినా అది రికార్డులో ఉంటుంది. తెలుగులో రాశారని దాన్ని పక్కన పడేస్తే, ఆ సంగతి కోర్టు ముందు పెట్టడానికి 2020 నాటి ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వు ఒక ఆధారంగా పనికొస్తుంది.

కొత్త పద్ధతి ప్రకారం క్రెడిట్ రావాలంటే ఐదేళ్లు పడుతుంది. అంటే ఏ నేలలో నాటాలో ఎంచుకునే పని ఇప్పుడే నడుస్తుంది. ఊళ్లు తమ బీడు ఏదో, తునికి పొదలు ఎక్కడున్నాయో రాసిపెట్టుకోవాల్సిన సమయం కూడా ఇదే.